మద్రాసుకు రెండో ఉత్తరం

మొదటి ఉత్తరం నేను తప్పుగా రాశాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఇది 1988 మాట. మా ఆయన వెంకటనర్సు గారికి రామన్నపేట మండల ఆఫీసుకు బదిలీ అయి అప్పటికి రెండేళ్లు. నాది పాలమూరు. అక్కడి కాలేజీలోనే బి.ఏ. చదివాను. ఆ డిగ్రీ పెళ్లిచూపుల్లో ఒకసారి, రేషను కార్డులో 'విద్యార్హత' అన్న గడి నింపడానికి ఒకసారి పనికొచ్చింది. మూడోసారి పనికొచ్చింది మా వెనకింటి చంద్రయ్యకు. అదీ మొదట్లో కాదు.

చంద్రయ్య తేలియా రుమాలు నేసేవాడు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, దారాలకు ఎక్కడికక్కడ ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఎర్రది, నల్లది, మధ్యన తెల్ల గీతలు. నిలువు దారాలమీదా అడ్డ దారాలమీదా రెండింటి మీదా ముందే రంగు పడి ఉంటుంది కనుక, మగ్గం మీద గీత గీతను కలుసుకోవాలి. వెంట్రుకవాసి తప్పినా పువ్వు పువ్వులా ఉండదు. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చంద్రయ్య నేస్తే, అడ్డదారాన్ని ఆసు మీద పోసి, లెక్క చూసి, ముడులు కట్టేది అతని భార్య. ఆసు అంటే మేకులు కొట్టిన చెక్క చట్రం. దాని ముందు కూర్చుని ఆమె చెయ్యి పొద్దంతా అటూ ఇటూ వేల సార్లు తిరిగేది. ఆమెను వాడంతా 'మోత్కూరామె' అనేవాళ్లు, మోత్కూర్ నుంచి కోడలిగా వచ్చింది కనుక. నన్ను 'పాలమూరామె' అన్నట్టే. మా ప్రాంతంలో ఆడది అత్తగారింటికి వచ్చేటప్పుడు పేరు పుట్టింట్లో వదిలి, ఊరి పేరు ఒంటిమీద వేసుకుని వస్తుంది.

వాళ్ల మగ్గం చప్పుడు మా వంటింటి గోడలోంచి వినిపించేది. అన్నం దించే వేళ నేను గడియారం చూసేదాన్ని కాదు. మగ్గం ఆగితే చంద్రయ్య భోజనానికి లేచాడని అర్థం. మా గిన్నె కూడా దిగేది.

ఆ వానాకాలంలో ఒకరోజు చంద్రయ్య ఒక చిన్న పుస్తకం పట్టుకుని వచ్చాడు. హైదరాబాదులో ఏదో చేనేత ప్రదర్శన జరిగిందట. వాళ్ల బామ్మర్ది తెచ్చాడు. వెనక పేజీల్లో బట్టలంటే ఇష్టమున్న పెద్దపెద్దవాళ్ల చిరునామాలు ఉన్నాయి.

"అమ్మా, గీళ్లకు జర ఇంగ్లీషుల రాస్తవా? తలకు రుమాలు చుట్టేటోళ్లు చుట్టుడు బంద్ జేసిండ్రు. సొసైటోళ్లు చీరెలే తెమ్మంటున్నరు, రుమాలంటె మొకం తిప్పుతున్నరు. గీ పని అడిగేటోడు ఒక్కడన్న దొరుకకపోతె నేను బీవండి పోత."

"ఎప్పుడు?" అన్నాను.

"దసరాకు ఎల్లస్వామి వస్తడు. ఆయనెంబడి. మాటిచ్చిన."

ఎల్లస్వామి బొంబాయి దగ్గరి బీవండిలో మేస్త్రీ. ప్రతి దసరాకు వచ్చి, పండగ తిని, వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురు నేతగాళ్లను మిషన్ మగ్గాలకు తీసుకుపోయేవాడు. చంద్రయ్య వెనక గుమ్మంలో మోత్కూరామె నిలబడి ఉంది. ఆమె అన్నది ఒక్క మాటే.

"ఆయన పోతె నేను ఆసు వోసి ఎవలికియ్యాలె అక్కా?"

సరే అన్నాను. అనడం తేలిక.

సలహాకు మా ఆయన ఉన్నారు. ఆయన ఆఫీసులో ఉత్తరాలు తయారుచేసే మనిషి. 'విషయం' అన్న పదం లేకుండా ఆయన నాకు పెళ్లైన కొత్తలో కూడా ఉత్తరం రాయలేదు. ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. పైన 'గౌరవనీయులైన అయ్యా'. కింద 'విషయం: రుమాలు నేత కార్మికుని దీన పరిస్థితి, ఆదుకొనుట గురించి'. ఆ కింద మూడు పేజీలు. చంద్రయ్య తాతల నాటి వైభవం, తండ్రి నాటి తరుగుదల, చంద్రయ్య నాటి కన్నీరు. ఆర్డర్లు ఇవ్వమన్నాం, నూలు ఇప్పించమన్నాం, ప్రదర్శనకు పిలవమన్నాం, ప్రభుత్వానికి సిఫారసు చేయమన్నాం. చివర 'తమ విధేయుడు'.

పుస్తకంలోంచి పది చిరునామాలు ఏరాను. పదిసార్లు చేత్తో రాయడం ఎందుకని మా ఆయన ఆఫీసు నుంచి కార్బన్ కాగితాలు తెచ్చారు. గట్టిగా ఒత్తి రాస్తే ఒకసారికి మూడు పడతాయి. పొదుపు మనిషిని కనుక అదే కార్బన్ మళ్లీ మళ్లీ వాడాను. చివరి రెండు కాపీల్లో చంద్రయ్య కష్టాలు పొద్దున్నే మంచులో కనిపించే గుట్టల్లా ఉన్నాయి. ఉన్నాయని తెలుస్తుంది కానీ ఏవో తెలియదు.

పదీ పోస్టు చేశాం. నెల దాటింది. వచ్చింది ఒకే ఒక్క జవాబు, బెంగుళూరు నుంచి. 'మీరు పంపిన ప్రతి చదువుటకు వీలుగా లేదు, అసలు కాగితము పంపగలరు.'

మా ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. "చూసినవా, ఫైలు కదిలింది" అన్నారు.

ఇక్బాల్ బీ వచ్చింది ఆ వారంలోనే. ఇక్బాల్ బీ గాజులమ్మే ఆమె. భర్త బాబా మియా హైదరాబాదు నుంచి గాజులు తెస్తే, ఈమె పెట్టె నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. బతుకమ్మ ముందు నెల ఆమెకు ఊపిరాడేది కాదు. మా అరుగు మీద పెట్టె దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "కృష్ణమ్మా, జర నీళ్లియ్యి బిడ్డా" అనేది. రామన్నపేటలో నన్ను పేరు పెట్టి పిలిచింది ఆమె ఒక్కతే. మా ఆయన కూడా 'ఏయ్' అనేవారు. అదే నా పేరని నేనూ పలికేదాన్ని.

ఆరోజు మోత్కూరామె కూడా గాజుల కోసం వచ్చి కూర్చుంది. ఇక్బాల్ బీ ఆమె చెయ్యి పట్టి పిసికి, ఆకుపచ్చ గాజు ఒకటి ఎక్కిస్తూ నా మొహం చూసింది.

"ఏంది, గట్లున్నవ్? సార్ ఏమన్నడా?"

"సార్ ఏమంటడు. ఉత్తరం రాస్తె ఎవ్వలు పలుకుతలేరు" అని సంగతంతా చెప్పాను. వినిపించమంది. నా దగ్గరున్న కాపీ తీసి తెలుగులో చెప్పుకుంటూ చదివాను. మొదటి పేజీ సగంలో ఉండగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఠైరో బిడ్డా. ఎవలన్న సచ్చిండ్రా?"

"లేదు."

"మరి గీ ఏడుపేంది?"

మోత్కూరామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కొంచెం పౌరుషం వచ్చింది. బి.ఏ. చదివినవాళ్లకు అది త్వరగా వస్తుంది.

"గౌరవంగా రాసిన. పదిమందికీ రాసిన."

"పదిమందికి పది తీర్ల రాసినవా?"

"ఒక్కటే. కార్బన్ పెట్టి."

ఇక్బాల్ బీ నావైపు జాలిగా చూసింది. "పదిమందికి ఒక్కటే సైజు గాజులు ఎక్కుతయా బిడ్డా? గీమె చెయ్యి చూడు, రెండుంబావు. నీది రెండున్నర. గీమెవి నీకిస్తె నీ చేతికి ఎక్కయి. నీవి గీమెకిస్తె జారి బాయిల పడ్తయి."

"మరి తెల్వనోళ్లకు ఎట్ల రాయాలె?"

"నేను తెల్వని ఇంటికి పోత గద. పోంగనె పెట్టె ఇప్పుతనా? ఇప్ప. నీళ్లడుగుత. నీళ్లిచ్చే చెయ్యి చూస్త. ఎంత లేనోళ్లకన్న చేతికి పాత గాజు ఒక్కటుంటది. 'గిది యాడిదమ్మా, బాగుంది' అంట. గప్పుడు ఆమెనే ముచ్చట జెప్తది, ఆమెనే చెయ్యి చాపుతది. ముందు వాళ్ల చెయ్యి చూడాలె, ఎనుక నా పెట్టె ఇప్పాలె. నువ్వేం జేసినవ్? గడప దాటకముందే పెట్టె బోర్లించినవ్. ఏడ్సుకుంట బోర్లించినవ్." గాజు మణికట్టు దాటింది. ఆమె రెండోది అందుకుంది. "ఇంతకు ఎవలు గా పదిమంది? ఏం కడ్తరు, ఏం తింటరు?"

నాకు తెలియదు. పుస్తకంలో చిరునామా ఉంది, రాశాను. అంతే.

"పుస్తకం తే."

తెచ్చాను. ఇక్బాల్ బీకి చదువు రాదు. అందుకే ఆమె నేను చూడనివి చూసింది. అక్షరాల పేజీలన్నీ గబగబా తిప్పేసి మధ్యలో ఒక ఫోటో దగ్గర ఆగింది. ప్రదర్శన ప్రారంభించిన రోజు పదిహేను మంది వరసగా నిలబడి తీయించుకున్న ఫోటో. కింద పేర్లు. నేను ఆ పేజీని ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. మోత్కూరామె ఒక చేత్తో గాజులు ఎక్కించుకుంటూ మెడ సాచి చూసింది. చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది. గాజు పుటుక్కున విరిగింది.

"అక్కా! గీ ఎడమదిక్కు ఆమె బుజం మీద మా రుమాలు."

"నలుపు తెలుపు ఫోటోల ఎట్ల తెలిసింది?"

"పువ్వు చూడరాదా. గా పువ్వు మూల కాడ రెండు గీతలు కల్సి విడిపోతయి. గట్ల మా అత్త కట్టేది. మా అత్త తీరు ఇంకెవలు కట్టలే." ఆమె పుస్తకాన్ని వెలుతురుకు తిప్పింది. "గీ మూల గీత తెగింది. చినిగితె రఫూ జేసిండ్రు. నల్లదారంతోటి చేసిండ్రు, అందుకే ఎర్రమీద మచ్చ తీరు కనవడ్తాంది."

నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. మచ్చ ఉన్నమాట నిజం. నేనైతే అచ్చు మరక అనుకుని పోయేదాన్ని. ఫోటో కింద పేరు చదివాను. శ్రీమతి విశాలాక్షి రామనాథన్, మైలాపూర్, మద్రాస్.

"గిదే చెయ్యి!" అంది ఇక్బాల్ బీ. "గిది రాయి."

"ఈమెకు రాసిన" అన్నాను నీరసంగా. "పదిమందిల ఉంది. 'అయ్యా' అని రాసిన." పదిమందిలో ముగ్గురు ఆడవాళ్లు. కార్బన్ కాగితానికి ఆడామగా తేడా ఉండదు.

ఇక్బాల్ బీ నవ్వింది చూడండి, పెట్టెలో గాజులు గలగలమన్నాయి. "ఆడిదాన్ని మొగోన్ని జేసినవా! యా అల్లా! మళ్ల రాయి."

"మళ్లెట్ల రాస్త? సిగ్గుగ ఉండదా?"

"గిప్పుడు గీమె చేతిల గాజు పగిలింది. పగిలిందని నేను లేచిపోయిన్నా? పగిలింది నా చేతిలనే అంట, ఇంకోటి తీస్త." తీసింది కూడా. "ఇంకో మాట. అడిగితె ఒక్కటే అడుగు. నువ్వు గా కాయితంల నాలుగు అడిగినవ్. నాలుగు అడిగేదాన్ని చూస్తె ఎవలన్న తలుపేసుకుంటరు. ఒక్కటి, గది గుడ ఇయ్యనీకి అల్కగ ఉండేది."

ఆమె వెళ్లాక నేను ఇన్‌లాండ్ కవరు తీశాను. మూడు పేజీలు పట్టదు కనుక అదే మేలు. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబితే ఇంతే:

'విశాలాక్షి గారికి నమస్కారం. పోయిన నెల మిమ్మల్ని అయ్యా అని పిలుస్తూ ఒక మసక నీలం ఉత్తరం వచ్చి ఉంటుంది. రాసింది నేనే. ఇంకా చింపకపోతే ఇప్పుడు చింపేయండి. ఇది నా వెనకింటి ఆండాళు మాట. ప్రదర్శన ఫోటోలో మీ భుజం మీద ఉన్న తేలియా రుమాలు తన అత్తగారు ముడులు కట్టినదని ఆండాళు అంటోంది. మూల పువ్వు దగ్గర రెండు గీతలు కలిసి విడిపోవడం ఆవిడ చేతి గుర్తు. ఆ మూల చిరిగితే నల్లదారంతో ఎవరో కుట్టారని కూడా అంటోంది. అత్తగారు పోయి పన్నెండేళ్లు. ఆ పువ్వు ఇప్పుడు కట్టగలిగింది ఆండాళు ఒక్కతే. ఆమె మిమ్మల్ని ఒక్కటి అడగమంది. ఆ రుమాలుకు ఇంకా నూనె వాసన ఉందా?'

మోత్కూరామె పేరు ఆండాళు. రెండేళ్లుగా గోడ పక్కనుండి ఆమె పేరు నాకు తెలిసింది ఆరోజే, అదీ ఇక్బాల్ బీ "ఆండాళూ, చెయ్యి మెత్తగ పెట్టు" అన్నందువల్ల. కవరు వెనక పంపినవారి చోట నా చిరునామా రాయబోయి ఆగాను. 'ఆండాళు, పద్మశాలి వాడ, రామన్నపేట' అని రాశాను. ఆమె పేరున ఒక్క ఉత్తరమైనా ఆ వాడకు రావాలని నాకు కొంచెం దుర్బుద్ధి పుట్టింది.

మా ఆయన చూసి, "చంద్రయ్య పేరు గద ఉండాలె? కుటుంబ పెద్ద" అన్నారు.

"ఫోటో చూసింది కుటుంబ పెద్ద కాదు" అన్నాను.

"విషయం కూడ లేదు."

"ఉంది. మీకు కనవడ్తలేదు."

బతుకమ్మ అయింది. దసరా అయింది. ఎల్లస్వామి తెల్ల చొక్కా, చేతి గడియారంతో వచ్చి చంద్రయ్య అరుగు మీద కూర్చుని బీవండి గొప్పలు చెప్పాడు. వచ్చే సోమవారం తెల్లారి బండికి ప్రయాణం ఖాయం చేశారు. మద్రాసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారం చంద్రయ్య మగ్గం మీదున్న చివరి సొసైటీ చీర కోసి దించాడు. శనివారం గోడలోంచి చప్పుడు రాలేదు. మా అన్నం మాడింది.

నేను చేసిన రెండో తప్పు నాకు తెలియకుండా పోస్టాఫీసులో కూర్చుని ఉందప్పటికి.

మద్రాసు నుంచి రిజిస్టర్డ్ పార్శిల్ పోయిన సోమవారమే వచ్చింది, ఆండాళు పేరున. పోస్ట్‌మ్యాన్ బషీర్ దాన్ని సైకిల్ మీద పెట్టుకుని పద్మశాలి వాడ రెండుసార్లు తిరిగాడు. టీ కొట్టు దగ్గర మగవాళ్లను అడిగాడు, మగ్గాల దగ్గర మగవాళ్లను అడిగాడు. ఆలేరామె ఉంది, మోత్కూరామె ఉంది, భువనగిరామె ఉంది, వెంకయ్య తల్లి ఉంది. ఆండాళు ఎవరో ఎవరికీ తెలియదు. ఎల్లస్వామి పక్కన కూర్చున్న చంద్రయ్యను కూడా అడిగాడు.

"మద్రాసుకెల్లి పార్శిల్ వచ్చింది. ఆండాళు ఎవలన్నా మీ వాడల?"

చంద్రయ్య ఆలోచించి చెప్పిన జవాబు ఆ తరవాత చాలా ఏళ్లు రామన్నపేటలో బతికింది. "మద్రాసుకెల్లి పార్శిళ్లు వచ్చేటంత పెద్ద ఆండాళు మా వాడల లేదు."

పార్శిల్ ఏడు రోజులు ఉంచి, తీసుకునేవాళ్లు లేకపోతే వెనక్కి పంపాలి. అంటే సోమవారం చంద్రయ్య బీవండి బండెక్కితే, పార్శిల్ మద్రాసు బండెక్కుతుంది.

తరవాత జరిగింది నాకు ఇక్బాల్ బీ పదిసార్లు చెప్పింది. పదిసార్లూ కొత్త సంగతులు చేరాయి. శనివారం మధ్యాహ్నం ఆమె బషీర్ ఇంటికి వెళ్లిందట, అతని భార్య ఖమర్‌కు గాజులు వెయ్యడానికి. బషీర్ అన్నం తింటూ గొణుగుతున్నాడట.

"గీ ఆండాళు ఎవలో నా పానం తీస్తాంది. పద్మశాలి వాడ మొత్తం అడిగిన."

"ఎవల్నడిగినవ్?" అంది ఇక్బాల్ బీ.

"అందర్ని."

"ఆడోళ్లనా, మొగోళ్లనా?"

"మొగోళ్లనే" అన్నాడట బషీర్, ముద్ద మింగి.

"రెండుంబావు చెయ్యి. ఎడమ చేతి బొటనేలు కింద నూలు కోసిన గీత. చంద్రయ్య పెండ్లాం. ఉరుకు!"

"సాయంత్రం పోత, తిననియ్యి."

"గీ అన్నం రాత్రి గుడ ఉంటది. గామె మొగడు సోమవారం ఉండడు!"

నేను చూసింది ఇక్కడి నుంచి. చేయి కడిగీ కడగని బషీర్ సైకిల్ మీద ముందు, ఖమర్ చేతికి సగం ఎక్కిన గాజులు అట్లాగే వదిలేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని ఇక్బాల్ బీ వెనక. మా ఇల్లు దాటుతూ "కృష్ణమ్మా, కండ్లజోడు తెచ్చుకో!" అని కేకేసింది. చేతిలో గరిటెతోనే వెళ్లాను.

చంద్రయ్య ఇంటి ముందు ఎల్లస్వామి, ఇంకో ఇద్దరు ప్రయాణపు మాటల్లో ఉన్నారు. ఆండాళు లోపల భర్త బట్టలు మూట కడుతోంది.

"ఆండాళమ్మా, సంతకం పెట్టాలె" అన్నాడు బషీర్. వాడ మగవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆండాళు ఐదో తరగతి దాకా చదివింది. కొంగుకు చేయి తుడుచుకుని పేరు రాయడానికి చాలాసేపు తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత పార్శిల్ విప్పింది. లోపల పాత చీర ముక్కలో చుట్టి రుమాలు. ఫోటోలోదే. ఆమె దాన్ని చూడలేదు. ముందు మొహానికి ఆనించుకుంది.

"ఉందా?" అన్నాను.

తల ఊపింది.

ఉత్తరం నేను చదివాను, అక్కడే నిలబడి, గరిటె ఇక్బాల్ బీకిచ్చి.

'ప్రియమైన ఆండాళు గారికి. నీలం ఉత్తరం అందింది. మూడు రోజులు మా ఇంట్లో నేను అయ్యనే. మావారు ఇప్పటికీ అట్లాగే పిలుస్తున్నారు. అందుకని దాన్ని చింపలేదు, చింపను. అందులో ఏం కావాలో నాకు అర్థం కాలేదు, జవాబు రాయలేదు. రెండో ఉత్తరం చదివి లేచి వెళ్లి రుమాలు తీశాను. చిరుగు కుట్టింది మా అమ్మ. ఇంట్లో నల్లదారం తప్ప లేదట. ఇరవై ఏళ్లుగా భుజాన వేసుకుని తిరుగుతున్నాను, ఆ కుట్టు ఎవరూ చూడలేదు. వాసన ఉందా అని అడిగారు. నా మాట ఎందుకు, మీరే చూసుకోండి. దీన్ని మీ దగ్గర ఉంచుకుని, ఇలాంటిదే ఇంకొకటి నాకు చేసి, రెండూ కలిపి పంపండి. తొందర లేదు. ఇలాంటివి వెతుకుతున్న నా స్నేహితులు ఇద్దరి చిరునామాలు కింద రాశాను. నా పేరు చెప్పి మీరే రాయండి. మీరు ఎలా రాస్తారో వాళ్లకు చెప్పాను. ఎదురు చూస్తున్నారు.'

ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు. "మంచిదే. మరి చంద్రయ్యా, సోమవారం ముచ్చట?"

చంద్రయ్య వినలేదు. రుమాలు తీసుకుని ఎండకు పట్టి, మూల పువ్వు దగ్గర వేలితో గీతలు లెక్కపెడుతున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టి రెండుసార్లూ తప్పాడు.

"నువ్వు పో ఎల్లస్వామీ" అన్నాడు తల ఎత్తకుండానే. "గీ మూల లెక్క నాకు తెల్వది. గిది మా అమ్మ లెక్క." తర్వాత అంతమంది ముందు, ఇటు తిరిగి, గొంతులో కొంచెం బెరుకుతో అన్నాడు. "ఆసు ఎప్పుడు వోస్తవు, ఆండాళూ?"

అతను ఆ పేరు పలకడం వాడలో ఎవరూ విన్నట్టు లేదు. ఆండాళు మూట కట్టిన బట్టలు విప్పడానికి లోపలికి వెళ్లింది. అది జవాబే.

ఇక్బాల్ బీ గరిటె నా చేతికిచ్చి, "పప్పు మాడుతాందేమో చూసుకో" అంది. ఖమర్ చేతికి సగం గాజులున్నాయని, పోతానని వెళ్లిపోయింది. మేం ఎవరం కూడా ఆమెకు ఒక్క మంచి మాట చెప్పలేదు. ఎవరికీ తోచలేదు.

ఆ రుమాలు పూర్తయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆలోపు మిగతా ఇద్దరికీ రాశాం, ఒక్కొక్కరికి వేరువేరుగా. ముందు వాళ్ల సంగతి కనుక్కుని, ఒక్కటే అడిగి. ఒకరు పలికారు, ఒకరు పలకలేదు. పలికినవాళ్లు ఇంకో ముగ్గుర్ని చూపారు. 1993లో మాకు నల్లగొండకు బదిలీ అయ్యేనాటికి చంద్రయ్య ఇంట్లో రెండో మగ్గం ఉంది, ఎల్లస్వామి తమ్ముడు దానిమీద కూర్చుంటున్నాడు. నేను ఎందరికో ఎన్నో ఉత్తరాలు రాసిపెట్టాను. మా ఆయన కూడా ఒకసారి, పై అధికారికి రాసేముందు, "ఆయన చెయ్యి ఎట్లుంటది?" అని నన్నడిగారు. చేతికి ఉంగరం ఉంటే, ఎవరిచ్చారని అడిగినట్టవుతుంది, దాని సంగతి మాత్రం ఎత్తవద్దన్నాను.

కానీ చెప్పాల్సింది అది కాదు. ఆ దీపావళికి ముందు నేనొక కార్డు రాశాను. రామన్నపేట నుంచి రామన్నపేటకే. చదువు రాని మనిషికి రాస్తున్నానని, ఎవరో పైకి చదువుతారని తెలిసే రాశాను. చదివింది బషీరే, ఆమె ఇంటిముందు, సైకిల్ దిగకుండా:

'ఇక్బాల్ బీకి. ఊళ్లో ఆడవాళ్ల చేతులన్నీ నువ్వు చూశావు. నీ చేతులు నేను మొన్న గరిటె తీసుకునేటప్పుడు చూశాను. ఒక్క గాజు కూడా లేదు. ఒక్కటే అడుగుతున్నాను. శుక్రవారం మా ఇంటికి రా, నేను తొడుగుతాను. ఇట్లు, కృష్ణమ్మ.'

వచ్చింది. తనకు మొదటిసారి వచ్చిన ఉత్తరాన్ని రవికెలో దాచుకుని వచ్చింది. పెట్టె తెరవబోతే వద్దన్నాను. గాజులు నేను భువనగిరిలో కొని తెప్పించాను, ఎర్రవి, ఆమె దగ్గరే కొని ఆమెకే వేస్తే ఏం బాగుంటుంది? చెయ్యి చాపమంటే ఆమె సిగ్గుపడింది. ఇన్నేళ్లూ పట్టుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని చెయ్యి అది. గట్టిగా, పిడికిట్లో రాయి ఉన్నట్టు పెట్టింది.

"మెత్తగ పెట్టు" అన్నాను.

"అమ్మేటిది నేనే ఏసుకుంటె మీకేం మిగుల్తయి బిడ్డా. అందుకే ఏసుకోలే" అని ఏదో చెప్పబోయింది.

మొదటి గాజు సగం దూరం వెళ్లి విరిగింది. రెండోది ఎక్కింది. మూడోది మళ్లీ విరిగింది. గోడలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఇక్బాల్ బీ ముక్కలు ఏరి దోసిట్లో పెట్టుకుని, నా మొహం చూసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నువ్వు ఉత్తరాలే రాసుకో బిడ్డా. గీ పని నాకు ఇడిసిపెట్టు."

పగిలింది నా చేతిలనే అన్నాను. ఇంకోటి తీశాను.